వెనక్కి చూడకూడని శనివారాలు

శనివారం వచ్చిందంటే మా షెల్టర్‌లో నల్లకుక్కలకు పెళ్లివారి మర్యాదలు జరుగుతాయి. మిగతా ఆరు రోజులూ వాటి వంక చూసే మనిషి ఉండడు.

ఎండలు ముదిరిన ఆ ఏప్రిల్‌లో కూడా పొద్దున్నే గేటు ముందు స్కూటర్లు, కార్లు వరస కట్టేవి. ఒక్కొక్కరి చేతిలో ఒక్కో డబ్బా. నువ్వులనూనె పూసిన రొట్టెలు, బెల్లం కలిపిన అన్నం, ఒకాయనైతే మినపగారెలు కూడా తెచ్చేవాడు. జాతకంలో శని బాగాలేదని ఏ పంతులో చెప్పి ఉంటాడు, నల్లకుక్కకు పెట్టమని ఉంటాడు. వీధులన్నీ తిరిగి నల్లకుక్కను వెతకడం ఎందుకని నాగోల్ దాటి, మూసీ వైపున్న మా దగ్గరికి వచ్చేవాళ్లు. మా దగ్గరైతే నల్లవి సిద్ధంగా ఉంటాయి, గొలుసుకు కట్టి ఉంటాయి, కరవవు. పెట్టేసి, దండం పెట్టుకుని, వెనక్కి తిరగకుండా వెళ్లిపోయేవాళ్లు. వెనక్కి చూస్తే వదిలించుకున్న శని మళ్లీ వెంటపడుతుందట.

గేటు పక్కన బల్ల వేసుకుని కూర్చునేది నేను. వచ్చినవాళ్లకు కుక్కల్ని చూపించడం, పెంచుకుంటామన్నవాళ్లను నాలుగు ప్రశ్నలడగడం, వదిలేసి పోతామన్నవాళ్ల కథలు వినడం నా పని. ఎన్ని కథలు విన్నానో! కొత్త ఫ్లాటులో ఒప్పుకోవడం లేదంటారు. కిరాయి ఇంటి ఓనరు గొడవ చేస్తున్నాడంటారు. పిల్లాడికి పరీక్షలంటారు. పరీక్షలకూ కుక్కకూ ఏం సంబంధమని అడిగితే, దాన్ని ముద్దు చేస్తూ పుస్తకం తీయడం లేదట. పెంచుకోవడానికి వచ్చేవాళ్లు ఇంకో రకం. ఒకావిడ తమ సోఫాకు నప్పే రంగు కుక్కపిల్ల కావాలంది. నవ్వుతూ మాట్లాడటం నా ఉద్యోగం కాబట్టి నవ్వేదాన్ని. ఇంటికి చేరేసరికి దవడలు నొప్పి పుట్టేవి.

శనివారాలు అందరికీ కావలసింది కాటుక. ఆడకుక్క, ఒంటి మీద ఒక్క తెల్ల వెంట్రుక కూడా లేదు. ఆటో తగిలి వెనక కాలు విరిగితే ఎవరో తెచ్చి వదిలారు. కాలు అతుక్కుంది, కుంటు మిగిలింది. గోధుమరంగు పిల్లలు, తెల్లమచ్చల పిల్లలు వచ్చినవి వచ్చినట్టే ఇళ్లకు పోతుంటే కాటుక గొలుసు దగ్గర కూర్చుని వాటిని సాగనంపేది. రొట్టె పెట్టే ఇన్ని చేతుల్లో ఒక్కటంటే ఒక్కటి దాన్ని ఇంటికి తీసుకుపోదేమని నాకు కడుపు మండిపోయేది. మా డాక్టర్ కార్తీక్‌తో ఆ మాటే అంటే, "వాళ్లు హుండీలో కూడా వేసి వెళ్తున్నారు సంధ్యగారూ. మిగతావాటి మందులు దాంతోనే వస్తున్నాయి" అనేవాడు. బెజవాడ మనిషి, మెత్తగా మాట్లాడతాడు.

ఆ ఎండాకాలం శని మా ఇంటికి కూడా వచ్చింది.

మా ఆయన మహిపాల్‌కు దిల్‌సుఖ్‌నగర్‌లో స్కూలు బ్యాగుల దుకాణం ఉంది. ఏడాదంతా ఈగలు తోలుకున్నా, మే చివరి నుంచి బళ్లు తెరిచేదాకా ఆ దుకాణంలో నిలబడటానికి చోటుండదు. ఆ కొద్ది వారాల అమ్మకమే మాకు ఏడాది తిండి. నిరుడు ఆ వారాలు కూడా పల్చగా పోయాయి. జనం ఫోనుల్లోనే కొనేసుకుంటున్నారు. ఈ సీజన్ కూడా ఇట్లాగే ఉంటే ఖాళీ చేయించి ఫోన్ కవర్లవాడికి ఇస్తానని దుకాణం ఓనరు మొహం మీదే చెప్పాడు. నల్లగొండ దగ్గరి పల్లె నుంచి వచ్చి, ఎవరి దగ్గరో జీతానికి బ్యాగులు కుడుతూ కుడుతూ మహిపాల్ సొంతంగా పెట్టుకున్న దుకాణం అది. ఆ మాట విన్నప్పటి నుంచి ఆయనకు తిండి సయించేది కాదు. ఆయన తినకపోతే మా అత్తమ్మ తినదు. ఇద్దరి పళ్లేల ముందు కూర్చుని నేనొక్కదాన్నే తినడం నాకు చేతకాదు.

అట్లా ఒకరోజు అన్నం కెలుకుతూ అన్నాడు:

"సంధ్యా, మీ దగ్గర నల్లకుక్క ఉన్నదంటివి కదా."

చెవులు సరిగా విన్నాయా అనిపించింది. పెళ్లయినప్పటి నుంచి నేనొక కుక్కను తెచ్చుకుంటానంటే గడప తొక్కనియ్యనన్న మనిషి ఈయన.

"ఉన్నది. ఏంది?"

"పంతులు చెప్పిండు. బళ్లు తెరిచేదాంక ప్రతి శనివారం పెట్టాలెనట. ఒకటే కుక్కకు. మధ్యల మార్చొద్దట."

"నువ్వు గూడనా?"

"నేను గూడనే. నాకేమన్న కొమ్ములున్నయా?"

మా అత్తమ్మ తిరుపతమ్మ వంటింట్లోంచే అందుకుంది. "జొన్నరొట్టె నేను చేసిస్త బిడ్డా. నువ్వు అడ్డం మాట్లాడకు. మంచి నువ్వులనూనె పట్టుకరా చాలు."

నేను అడ్డం మాట్లాడలేదు. ఊరందరికీ నవ్వుతూ గేటు తీసేదాన్ని, కట్టుకున్నవాడికి తీయనని ఎట్లా అంటాను?

అలా మహిపాల్ కూడా శనివారం వరసలో నిలబడ్డాడు. గళ్ల చొక్కా, చేతిలో స్టీలు డబ్బా. నా బల్ల ముందు నుంచి నన్ను ఎరగనట్టే పోయేవాడు, సిగ్గుతో. కాటుక ముందు రొట్టె పెట్టి, కళ్లు మూసుకుని ఏదో అనుకుని, గిరుక్కున తిరిగి గేటు దాటేవాడు.

ఆ తర్వాత జరిగేది ఆయనకు తెలియదు. నేను చూసేదాన్ని. పొద్దున్నుంచీ నూనె రొట్టెలు తినీ తినీ కాటుక కడుపు అప్పటికే డోలులా ఉండేది. అయినా కాదనకుండా రొట్టెను నోట కరుచుకుని, కుంటుకుంటూ, గొలుసు అందినంత దూరం ఆయన వెనకాలే పోయేది. గొలుసు బిగియగానే ఆగి, రొట్టె కింద పెట్టి, గేటు వంక చూస్తూ కూర్చునేది. రొట్టె పెట్టిన ప్రతివాళ్ల వెనకా అట్లాగే పోయేది. తనను రమ్మంటున్నారనుకునేదేమో. ఆదివారం పొద్దున ఆ ఎండిన రొట్టెలన్నీ ఏరి పారేసేది నేనే.

"ఒక్కసారి ఎనక్కి మళ్లి చూడు, అది నీ ఎంట ఎట్ల ఒస్తదో" అని ఇంట్లో అన్నాను.

"చూడొద్దని చెప్పిండ్రు కదా" అన్నాడు. అంతటితో ఆ మాట అయిపోయింది.

మే నెల సగంలో కుసుమకుమారిగారు వచ్చారు. బడి పంతులమ్మగా చేసి రిటైరయ్యారు. గుంటూరు వైపు మనిషి, బడంగ్‌పేట్‌లో సొంత ఇల్లు, చుట్టూ గోడ, వాకిట్లో జామచెట్టు. కుక్కపిల్లల గది దాటి, తెల్లమచ్చలవాటిని దాటి, తిన్నగా పోయి కాటుక ముందు స్టూలు వేసుకుని కూర్చున్నారు.

"దీని పేరేంటమ్మా?"

"కాటుక అండి. కాలు కొంచెం కుంటుతుంది."

"నాకూ మోకాళ్ల నొప్పులే. ఇద్దరం నెమ్మదిగా నడుస్తాంలే."

చాలా రోజులకు నాకు నిజంగా నవ్వొచ్చింది.

మా షెల్టర్‌లో ఒక పద్ధతి ఉంది. పెద్ద కుక్కను పెంచుకుంటామన్నవాళ్లకు వెంటనే ఇచ్చేయం. కొన్నాళ్లు రోజూ వచ్చి దాని పక్కన కూర్చోవాలి. తాము కట్టి విడిచిన పాత బట్ట ఒకటి దాని పడక మీద వదిలిపోవాలి. ఆ వాసన అలవాటైతే కొత్త ఇంట్లో బెంగపెట్టుకోదు. కుసుమకుమారిగారు వంకాయరంగు వాయిల్ చీర సగానికి చింపి తెచ్చారు. మొదటిరోజు కాటుక దాన్ని వాసన చూసి దూరంగా పోయి పడుకుంది. రెండు రోజులు పోయాక దాని మీదే ముడుచుకుని కనిపించింది. ఆ తర్వాత ఆవిడ స్కూటీ చప్పుడు మలుపులో వినపడితే చాలు, తోకతో నేలను టపటపా కొట్టేది. శనివారం రొట్టెలవాళ్ల వెనక పోవడం కూడా మానేసింది. చీర మీద కూర్చున్నచోటే రొట్టె వాసన చూసి ముఖం తిప్పుకునేది, ఇల్లున్న కుక్కలాగా.

"ఆదివారం కాటుక పంతులమ్మ ఇంటికి పోతది" అని ఇంట్లో సంబరంగా చెప్పాను.

మహిపాల్ చెయ్యి పళ్లెంలో ఆగిపోయింది. "ఆదివారమా? బళ్లు ఇంక తెరువలే కదా."

"అయితే?"

"ఒకటే కుక్క అని చెప్పిండు సంధ్యా. మధ్యల మారితే చేసిందంత ఒట్టిదే. జర రెండు వారాలు ఆపు. సూదులెయ్యాలెనని చెప్పు ఆమెకు."

"ఏండ్ల సంది గొలుసుకున్నది అది. నీ బ్యాగుల కోసం ఇంక గొలుసుకే ఉండాల్నా?"

"బ్యాగులు నా ఒక్కనియా? నువ్వు తినేది యాడికెల్లి ఒస్తున్నది?"

"నోరులేని జీవి" అంది అత్తమ్మ. "రెండు వారాలైతే దానికేం తెలుస్తది బిడ్డా?"

"అన్ని తెలుస్తయి అత్తమ్మా. ఆదివారం ఇచ్చేస్త. అంత కావాల్నంటే బడంగ్‌పేట్ పోయి పెట్టుమను."

మహిపాల్ లేచి చెయ్యి కడుక్కున్నాడు. ఒప్పుకున్నాడనుకున్నాను.

ఆదివారం పొద్దున్నే కాటుకకు స్నానం చేయించాను. చెవుల వెనక కూడా తుడిచాను. కుసుమకుమారిగారు వచ్చారు గానీ స్టూలు మీద కూర్చోలేదు. దూరంగా, నా బల్ల దగ్గరే నిలబడ్డారు. కాటుక అక్కడి నుంచే తోక కొడుతోంది.

"సంధ్యగారూ, నేను దీన్ని తీసుకెళ్లలేనండి."

"ఏమైందమ్మా?"

"నిన్న గేటు బయట స్కూటీ ఆపుతుంటే ఒకాయన పలకరించాడు. సన్నగా, గళ్ల చొక్కా. దీన్నేనా మీరు తీసుకెళ్లేది అని అడిగాడు. ఇంతమంది ప్రతి శనివారం వాళ్ల శనినంతా దీని మీద దించిపోతున్నారు, అదంతా మోసుకుని అది మీ ఇంటికే వస్తుంది, ఆలోచించుకోండి అన్నాడు." ఆవిడ పైట కొంగు వేలికి చుట్టుకుంటున్నారు. "నాకు ఇలాంటి నమ్మకాలు లేవమ్మా. కానీ అమ్మాయి పురిటికి వచ్చి ఉంది. కడుపుతో ఉన్న పిల్లను ఇంట్లో పెట్టుకుని, ఆ మాట చెవిన పడ్డాక..."

చెంప మీద ఎవరో కొట్టినట్టయింది. గళ్ల చొక్కాను నిన్న రాత్రి ఉతికి ఆరేసింది నేనే.

"ఆయన మా ఆయనే అమ్మా" అన్నాను. "కాటుక పోతే తన శనివారాలు తప్పుతాయని అట్లా అన్నాడు. ఆ మాటలో ఏమీ లేదు, నన్ను నమ్మండి."

కుసుమకుమారిగారి ముఖం ఇంకా పాలిపోయింది. "మీరు ఇక్కడే పనిచేస్తారు, మీ ఇంటి మనిషే అలా అన్నాడంటే, ఇంక నేనేమనుకోవాలమ్మా?"

నిజం చెప్పి, మిగిలిన కాస్త ఆశను కూడా నేనే తుంచేశాను. డాక్టర్ కార్తీక్ వచ్చి ఆవిడను కూర్చోబెట్టి, గ్రహాలకూ కుక్కలకూ సంబంధం లేదని మెత్తగా, ఓపికగా చెప్పాడు. ఆవిడ అన్నిటికీ తల ఊపారు. తల ఊపుతూనే కళ్లు తుడుచుకున్నారు. పోనీ ఇంకో కుక్కను చూస్తారా అంటే మనసొప్పదన్నారు. "చీర దానికే ఉంచండి" అని స్కూటీ ఎక్కారు. స్కూటీ చప్పుడు దూరమయ్యేదాకా కాటుక తోక కొడుతూనే ఉంది.

ఇంటికి పోయి చెప్పులు కూడా విప్పలేదు.

"ఏమన్నవ్ ఆమెతోని?"

మహిపాల్ తల ఎత్తలేదు. "అందరు అనుకునేదే అన్న."

"నమ్మి అన్నవా, ఆపనీకి అన్నవా?"

"దుకాణం పోతది సంధ్యా. అది పోతే నేనేం జెయ్యాలె? ఈ వయసుల మళ్ల ఎవని దగ్గరనో జీతానికి నిలవడాల్నా?"

ఆయన మీద జాలేసింది. జాలి పడినందుకు నా మీద నాకే ఒళ్లు మండింది. పోయి బియ్యం కడిగాను. ఆ పూట గిన్నెలు కొంచెం గట్టిగానే చప్పుడు చేశాయి.

ఆయన ఆ మాట అన్నది గేటు బయట, పదిమంది వరసలో ఉండగా. మరుసటి వారానికల్లా అది అందరి నోళ్లలో పడింది. అప్పటిదాకా రొట్టె చేత్తో అందించేవాళ్లు ఇప్పుడు దూరం నుంచి విసరడం మొదలుపెట్టారు. ఒకావిడ తన పిల్లాణ్ణి వెనక్కి లాగి, "గిదేనామ్మా గా శని కుక్క?" అని నన్నే అడిగింది. నేను నవ్వలేదు. నా ఉద్యోగంలో నేను నవ్వని రోజు అదే మొదలు.

బళ్లు తెరిచే ముందు చివరి శనివారం మహిపాల్ ఎప్పటిలాగే వచ్చాడు. మబ్బు పట్టి ఉంది. మా ఇద్దరి మధ్యా ఉప్పు తే, పప్పు తే అన్న మాటలు తప్ప వేరే మాటల్లేక అప్పటికి రెండు వారాలు. కాటుక చీర మీద పడుకుని ఉంది. రొట్టె పెట్టి, కళ్లు మూసుకుని, తిరిగి నడిచాడు.

కాటుక లేచింది. రొట్టె వంక చూడలేదు. కింద పరిచిన చీరను నోటితో పట్టుకుని, ఈడ్చుకుంటూ, కుంటుకుంటూ ఆయన వెనక పోయింది. కుసుమకుమారిగారు వచ్చినప్పుడల్లా చీర ఎత్తి దులిపి, "ఇంటికెళ్దామా" అని ముద్దుగా అనేవారు. చీర లేస్తే ప్రయాణమని దానికి అర్థమై ఉంటుంది. గొలుసు అందినంత దూరం పోయి, నోట్లో చీర అట్లాగే పెట్టుకుని నిలబడింది.

"ఓసారి ఎనక్కి చూడవయ్యా!" అని అరిచాను. వరసలో ఉన్నవాళ్లందరూ నా వంక తిరిగారు. మహిపాల్ ఒక్కడే తిరగలేదు. భుజాలు బిగబట్టుకుని గేటు దాటి, స్కూటర్ ఎక్కి, తాళంచెవి పెట్టాడు. స్టార్ట్ చేయలేదు. కొంచెం ఆగి, చెయ్యి చాపి అద్దం సర్దుకున్నాడు. దానివంక చూస్తూ ఉండిపోయాడు. వెనక కారువాడు హారన్ కొడితే గానీ కదల్లేదు.

బళ్లు తెరిచారు. అమ్మకాలు అద్భుతంగా ఏమీ లేవు, అట్లాగని మరీ తీసిపోలేదు. ఓనరు సణుగుతూ ఇంకో ఏడాది ఉండమన్నాడు. అత్తమ్మ మాత్రం దేవుడికి దీపం పెట్టి, "గిదంత ఆ కుక్క పుణ్యమే బిడ్డా" అంది.

"పుణ్యమే అయితే ఇంటికి తెచ్చుకుందామా?" అన్నాను.

అత్తమ్మ దీపం ఒత్తి సరిచేసుకుంటూ ఉండిపోయింది. మహిపాల్ దుకాణానికి టైమైందని వెళ్లిపోయాడు.

ఆ తర్వాతి శనివారం వరసంతా అయిపోయాక గేటు దగ్గర స్కూటర్ ఆగింది. మహిపాల్. చేతిలో డబ్బా లేదు. బ్యాగులకు వేసే వెడల్పాటి నల్ల పట్టీ ఉంది. ఒక కొసన బకిల్, ఇంకో కొసన చేతికి పట్టుగా మడిచి కుట్టిన కుట్టు. రెండు వరసల కుట్టు, బరువు బ్యాగులకు వేసేది. నా బల్ల మీద పెట్టాడు.

"ఇదేంది?"

"దాని మెడకు సరిపోతదా చూడు."

నేను పట్టీని ముట్టుకోలేదు. "ఎందుకు? శని దించుడు అయిపోయింది కదా."

"గారోజు అద్దంల చూసిన" అన్నాడు, నేల చూస్తూ. "అది చీర పట్టుకోని నిలవడ్డది. ఆ మాట అన్నది నేను. దాన్ని ఎవ్వరు తీస్కపోకపోతే నేనన్నదే నిజమైతది సంధ్యా. మనింట్ల ఉండి, మనకేం గాకపోతే అబద్ధమైతది."

"అత్తమ్మకు చెప్పినవా?"

"చెప్పిన. తిట్టింది. తిట్టి, ఏం తింటదని అడిగింది."

"రొట్టె మాత్రం తినదని చెప్పు" అన్నాను.

నాకు కోపం పోలేదు. ఆ రోజు పోలేదు, ఇప్పటికీ పూర్తిగా పోలేదు. జామచెట్టు నీడలో, చల్లటి వాకిట్లో పడుకోవలసిన కుక్క గడ్డిఅన్నారంలో మా కిరాయి ఇంటి రెండో అంతస్తు మెట్లు ఆ కాలితో ఎక్కాలి. ఆయన చేసిన మంచిపని చూసినప్పుడల్లా ఆయన చెడగొట్టిన పని కూడా నాకు కనపడుతూనే ఉంటుంది. అయినా పట్టీ తీసుకుని పోయి కాటుక మెడకు కట్టాను. గొలుసు విప్పాను. కాటుక మహిపాల్ చెయ్యి వాసన చూసింది. తిండి ఏమీ లేదు. గబగబా పోయి చీర నోట కరుచుకుని వచ్చి ఆయన కాలి పక్కన నిలబడింది.

"ఆటో మాట్లాడిన. బయట ఉన్నది" అన్నాడు.

పట్టీ చేతికి చుట్టుకుని నడిచాడు. అలవాటు కొద్దీ మెడ తిప్పకుండా, తిన్నగా. గేటు దగ్గరికి వచ్చాక కాటుక ఆగిపోయింది. చీర నోట్లో ఉండగానే వెనక్కి తిరిగి, తన గొలుసు వేలాడుతున్న స్తంభం వంక, మిగిలిన కుక్కల వంక చూస్తూ నిలబడింది. పట్టీ బిగిసింది. మహిపాల్ దాన్ని లాగలేదు. ఏం చూస్తోందోనని తనూ వెనక్కి తిరిగి చూశాడు.